పాడించుకునేవాళ్ళం

మా ముత్తాతగారు పధ్నాలుగు ఊళ్ళకు జమీందారు. గోదావరి కాలవ మా ఊరి పక్కన మలుపు తిరిగే చోట, లాకుల గోడలో దొరలు వేయించిన రాతిపలక మీద ఆయన పేరుంది. ఆయన కొడుకు, మా తాతగారు, జిల్లా బోర్డు సభ్యులు. కలెక్టరు ఆ వైపు వస్తే మా దివాణంలోనే మకాం. తాతగారి తమ్ముడు మద్రాసులో పందెపు గుర్రాలు పెంచారు. విజయనగరం నుంచీ తంజావూరు నుంచీ విద్వాంసులు వచ్చి నెలల తరబడి మా ఇంట్లో ఉండి పాడేవారు. వెళ్ళేటప్పుడు శాలువా, దారిఖర్చు, ఒక్కోసారి ఆవునూ దూడనూ ఇచ్చి సాగనంపేవారట.

ఇదంతా నేను విన్నదే కాని చూసింది కాదు. నేను పుట్టేనాటికి ఊళ్ళూ లేవు, గుర్రాలూ లేవు. మిగిలింది నడక ఒక్కటే. మా నాన్నగారు కిరాణా కొట్టుకు పంచదార కోసం వెళ్ళినా, వెనక ఎవరో గొడుగు పట్టుకుని వస్తున్నట్టే నడిచేవారు. ఆ నడక నాకూ వచ్చింది. చాలామంది దాన్ని పొగరనుకున్నారు. వాళ్ళది పొరపాటని చెప్పలేను.

మా ఇంట్లో క్రియలన్నీ ఒక తీరుగా ఉండేవి. దున్నించాం, కట్టించాం, వండించాం, రాయించాం. ఎవరూ దున్నినవాళ్ళు లేరు, కట్టినవాళ్ళు లేరు. సంగీతమూ అంతే. “మనం పాడించుకునేవాళ్ళం, పాడేవాళ్ళం కాదు,” అనేవారు నాన్నగారు. నా చిన్నతనంలో ఒక ముసలి విద్వాంసుడు ఇంకెక్కడికీ వెళ్ళడానికి చోటు లేక మా వసారాలోనే ఉండిపోయారు. ఆయన గొంతెత్తగానే రాగం పేరు చెప్పేవాణ్ణి. ఎక్కడ శ్రుతి జారిందో కూడా చెప్పేవాణ్ణి. ఒకనాడు ఆయన ముచ్చటపడి, “ఏదీ బాబూ, నువ్వొకసారి అను,” అన్నారు. నాన్నగారు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అందుకని నాకు వినడం వచ్చింది. పాడడం రాలేదు.

బి.కాం. ఒక ఏడాది చదివి, నావల్ల కాదని తేలాక, సంగీతంలో డిగ్రీ చేస్తానని నాన్నగారికి చెప్పాను. అది తొంభైల మొదట్లో సంగతి. ఆయన, “సంగీతం చదివితే లెక్చరర్ అవుతారా?” అని అడిగారు. అవుతారన్నాను. “అయితే కుర్చీలో కూర్చుని చెప్పే ఉద్యోగమే. ఫర్వాలేదు. కాని ఈ చుట్టుపక్కల వద్దు. ఎక్కడైనా దూరంగా చదువు. నలుగురి ముందు నోరు తెరవకు. ఎవరి ముందూ చెయ్యి చాచకు.” అలా ఢిల్లీ వెళ్ళాను. అక్కడ మమ్మల్ని ఎరిగినవాళ్ళెవరూ ఉండరని ఇద్దరి నమ్మకం.

యూనివర్సిటీలో సంగీతం విభాగం గుమస్తా వేరుశనగకాయలు ఒలుచుకుంటూ మూడు ప్రశ్నలు వేశాడు. “హిందుస్తానీ యా కర్నాటక్? గానా యా బజానా? ఆనర్స్ యా పాస్?” సంగీతమంటే ఒక్కటే అనుకుని వెళ్ళినవాణ్ణి, తెల్లమొహం వేశాను. అతను ఓపికగానే వివరించాడు. పాస్ కోర్సయితే సంగీతం మూడు సబ్జెక్టుల్లో ఒకటి. చరిత్రతోనో హిందీతోనో కలిపి చదువుకోవచ్చు. ఆనర్స్‌లో మూడేళ్ళూ సంగీతమే. సాయంత్రం డిప్లొమా ఒకటుంది, అది ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకు. ఆనర్స్ తరవాత బి.ఎడ్. చేస్తే స్కూల్లో మ్యూజిక్ టీచర్. లెక్చరర్ కావాలంటే మాత్రం ఎం.ఏ. చెయ్యాలి, దానిమీద ఎం.ఫిల్. ఎం.ఏ. సీటు రావాలంటే ఆనర్స్ ప్రాక్టికల్‌లో మార్కులుండాలి.

“ప్రాక్టికల్ అంటే?” అన్నాను.

అతను అరచేతిలోని పొట్టు ఊది నావంక చూశాడు. “గానా, ఔర్ క్యా?”

పాడడం, ఇంకేమిటి. ఆ మాట విన్నప్పుడే వెనక్కి తిరిగి రైలెక్కవలసింది. కాని ఇంటికి వెళితే నా కోసం ఒక ఉద్యోగం సిద్ధంగా ఉంది. మా పాలేరు కొడుకు పెట్టిన రైసుమిల్లులో గుమస్తాగిరీ. అతను మంచివాడే, నన్ను చూస్తే అప్పటికీ లేచి నిలబడేవాడు. అతను లేచి నిలబడుతుంటే నేను అతని బస్తాలు లెక్కపెట్టడమన్నది ఊహించుకోలేకపోయాను.

ప్రవేశపరీక్ష ఒక పెద్ద గదిలో జరిగింది. ముగ్గురు అధ్యాపకులు చాప మీద కూర్చుని ఉన్నారు. మధ్యలో ఉన్న నెరిసిన జుట్టావిడ నన్ను ఎదురుగా కూర్చోమని, తంబురా మీటుతూ రాగంలో ఒక చిన్న సంగతి పాడింది. స్వరాలు పలకకుండా ‘ఆ’ అంటూ పాడి ఆగింది. నిజంగా బాగా పాడింది. చివర్లో గాంధారం మీద ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. నేను తల ఊపి, కుడిచెయ్యి కొంచెం ఎత్తి, “భేష్!” అన్నాను.

అటూ ఇటూ కూర్చున్నవాళ్ళు పగలబడి నవ్వారు. గుమ్మం దగ్గర వరసలో నిలబడ్డ పిల్లలూ నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. “నేను పాడింది నువ్వు మెచ్చుకోవడానికి కాదు, తిరిగి పాడడానికి,” అంది ఇంగ్లీషులో. విద్యార్థి ఆ సంగతిని అలాగే తిరిగి పాడి, స్వరాలు చెప్పాలట. అదీ పరీక్ష. మా ఇంట్లో పాట ఆగాక జరగవలసింది ఒకటే, అదే నేను చేశాను. స్వరాలు తడుముకోకుండా చెప్పాను. పాడమంటే నా నోటినుంచి వచ్చింది కెటిల్లో నీళ్ళు మరగబోయే ముందు వచ్చే చప్పుడు లాంటిది. అయినా సీటొచ్చింది. నా గొప్పేమీ లేదు. ఢిల్లీలో కర్ణాటక సంగీతానికి ఆ ఏడాది సీట్లకన్నా విద్యార్థులు తక్కువ.

ఆవిడే మూడేళ్ళూ నాకు గురువు. తమిళావిడ. తెలుగు కీర్తనల్లోంచి మాత్రమే వచ్చు. నేను ఆలస్యంగా వెళితే “ఏల జాగు?” అనేది. దేవుణ్ణి బతిమాలడానికి కావలసిన తెలుగంతా ఆవిడకు వచ్చు, టీ తెమ్మని చెప్పడానికి మాత్రం రాదు. ఒక మాటకు అర్థం కావలసి వస్తే క్లాసు ఆపి నన్ను అడిగేది. ఆ రెండు నిమిషాలు నా వీపు మామూలుకన్నా నిటారుగా ఉండేది. ఆ తరవాత, “ఇప్పుడు పాడు,” అనేది. తల దించుకునేవాణ్ణి.

బేర్ సరాయ్‌లో గది. వరంగల్ వైపు నుంచి సివిల్స్ కోసం వచ్చిన ఒకతను నా రూమ్మేట్. రెండు మంచాల మధ్య ఒక మనిషి అడ్డంగా నడవాలి. అతను రాజ్యాంగం బట్టీ పడుతుండేవాడు, నేను గోడవైపు తిరిగి సాధన చేసేవాణ్ణి.

“ఏంది బయ్, గొంతుల కప్ప ఇరుక్కున్నదా?” అనేవాడు. “నువ్వు గొణుగుతుంటె నాకు ఒక్క ఆర్టికల్ ఎక్కుతలేదు. గట్టిగన్న పాడు, లేకుంటె పండు.”

“పక్కగదివాళ్ళు వింటారు.”

“వినడానికి కాకపోతె మరి ఎందుకు పాడుడు?”

నేను మళ్ళీ గోడవైపు తిరిగేవాణ్ణి. భేష్ సంగతి ఎవరి ద్వారానో అతని దాకా వచ్చింది. అప్పటినుంచి నేను అతనికి రాజావారిని. మెస్‌లో రోటీ మాడితే, “రాజావారూ, జర భేష్ అనుండ్రి,” అనేవాడు.

ఢిల్లీ చలి మా వైపువాళ్ళకు చెబితే అర్థమయ్యేది కాదు. మొదటి శీతాకాలం ఎలాగో గడిచింది. రెండోదానికి నా శాలువా చిరిగింది. రూమ్మేట్ ఎర్రకోట వెనక ఆదివారం సంతలో పాత కోట్లు కుప్పపోసి అమ్ముతారనీ, తాను ఒకటి కొనుక్కున్నాననీ, వచ్చేవారం నన్ను కూడా తీసుకెళతాననీ చెప్పాడు.

“ఒకరు వేసుకుని విడిచినవి మా ఇంట్లో వేసుకోరు,” అన్నాను.

అతను తన కోటు వంక ఒకసారి చూసుకుని, “అట్లనే గడ్డకట్టు,” అన్నాడు. నేను చొక్కా మీద చొక్కా వేసుకుని తిరిగాను. నాకు ఒంట్లో వేడి ఎక్కువని క్లాసులో అందరికీ చెప్పాను.

రెండో ఏడాది చివర విద్యార్థులందరూ వేదిక మీద పాడాలి. చిన్న హాలు, విన్నది మా సీనియర్లు, వాళ్ళ స్నేహితులు. నా వంతు వచ్చింది. మృదంగం శ్రుతి చేశారు. నేను కళ్ళు మూసుకున్నాను. ముందు వరసలో మా తాతగారు, వారి తమ్ముడు, ముత్తాతగారు కుర్చీల్లో కూర్చుని నావంక చూస్తున్నట్టు అనిపించింది. వాళ్ళ ముఖాల్లో కోపం లేదు. కొత్తగా వచ్చిన పాటగాడివంక చూసే చూపు అది. రాగం ఎత్తుకున్నాను, నోటినుంచి గాలి వచ్చింది. మళ్ళీ ఎత్తుకున్నాను. మృదంగం అతను తల దించుకున్నాడు. లేచి వచ్చేశాను.

మర్నాడు మేడమ్ తన గదికి పిలిచింది. “మూడో ఏడు ప్రాక్టికల్ కూడా ఇలాగే అయితే ఎం.ఏ. సీటు రాదు. ఇక్కడితో సరి,” అంది. “నీకు గొంతు లేకపోలేదు. నీ వెన్నెముక గొంతుకు అడ్డం పడుతోంది.” కాసేపాగి, “శనివారాలు నాతో ఆసుపత్రికి రా. అక్కడ నిన్నెవరూ పట్టించుకోరు. వాళ్ళ బాధ వాళ్ళది,” అంది.

మ్యూజిక్ థెరపీ అన్న మాట నేను మొదట విన్నది అప్పుడే. సంగీతంతో వైద్యం. మా యూనివర్సిటీలో దానికి డిగ్రీ కాదు గదా, ఒక పేపరు కూడా లేదు. ఆ ఆసుపత్రిలో నరాల విభాగం డాక్టరు ఒకాయన విదేశంలో ఉన్నప్పుడు అది చూసి వచ్చి, మా మేడమ్‌ని బతిమాలి విద్యార్థులను రప్పించుకునేవాడు. ఆయన చెప్పింది ఇది: పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్ళలో కొందరికి పాట పోదు. మాట ఉండే చోటు దెబ్బతిన్నా పాట ఉండే చోటు మిగులుతుంది. అందుకని రోజూ అవసరమయ్యే చిన్న మాటలను రెండు మూడు స్వరాల మీద పెట్టి, రోగి చేతిమీద ఒక్కో అక్షరానికి ఒక్కో దెబ్బ వేస్తూ, అతనితో కలిసి పాడాలి. పాటలోంచి మాటను బయటికి లాగాలి. “మీరు ఇక్కడ కచేరీ చెయ్యడం లేదు,” అన్నాడు. ఆ మాట నాకు ఊరటనిచ్చింది.

మిగతావాళ్ళకు హిందీ మాట్లాడే రోగులను ఇచ్చారు. నాకు ఒక తెలుగాయన దొరికాడు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో స్టెనోగా చేసి రిటైరైనవాడు. కుడివైపు చచ్చుబడింది, మాట పోయింది. ఆయన భార్య ఆ ఆసుపత్రిలోనే నర్సు, అందరికీ సిస్టరమ్మ. గోదావరి జిల్లా నుంచి వచ్చిన క్రైస్తవులు. డ్యూటీ అయ్యాక ఆవిడ తెల్లకోటు విప్పకుండానే భర్త మంచం దగ్గరికి వచ్చేది.

“మా కీర్తనలు మీకొచ్చా బాబూ?” అంది మొదటిరోజు.

రావన్నాను. ఆవిడ చర్చిలో పాడే కీర్తన ఒకటి మెల్లిగా అందుకుంది. మాటలు నాకు కొత్తవి, రాగం చిన్నప్పటినుంచీ తెలిసిందే. ఆవిడ గొంతు కింద నా గొంతు దాచుకుని పాడాను. మంచం మీద ఆయన కళ్ళు మూసుకుని ఎడమచేత్తో దుప్పటి మీద తాళం వేశాడు. పాట అయ్యాక నావంక చూసి తల ఊపాడు. నేను ఆయన కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. మా ఇంట్లో విద్వాంసులు ఎక్కడ నిలబడేవారో, ఆ తల ఊపడం ఎవరు చేసేవారో నాకు తెలుసు. చెవులు వేడెక్కాయి. నాన్నగారు ఇది చూడకూడదని మాత్రం అనుకున్నాను.

ఆయన కోసం మూడు మాటలు ఎంచుకున్నాం. ‘నీళ్ళు కావాలి’, ‘ఆకలేస్తోంది’, ‘చలేస్తోంది’. మూడింటినీ షడ్జమం, రిషభం, గాంధారాల మీద పెట్టాను. వారాల తరబడి పాడాను. ఆయన తాళం వేసేవాడు, కీర్తన వస్తే కూనిరాగం తీసేవాడు, మాట మాత్రం రాలేదు. “రాకపోతే పోనీలెండి, మీరొస్తే మొహం వెలుగుతోంది,” అనేది ఆవిడ. కాని నాకు తెలుసు, నేను గొంతు విప్పి పాడితే కదా ఆయన అందుకునేది. సిస్టరమ్మ గొంతు చాటున పాడేవాణ్ణి. ప్రాక్టికల్‌లో ఆవిడ గొంతు ఉండదు.

జనవరిలో నాన్నగారు సుప్రీంకోర్టులో భూమి కేసుకని ఢిల్లీ వచ్చారు. రాష్ట్ర అతిథిగృహంలో దిగారు. శనివారం, “ఇవాళ నీ క్లాసు ఎక్కడ? చూస్తాను,” అన్నారు. ఆసుపత్రిలో అని చెప్పాను. సంగీతానికీ ఆసుపత్రికీ ఏమిటి సంబంధమని అడిగారు. డాక్టరు చెప్పింది చెప్పాను. “అంటే వైద్యమన్నమాట,” అన్నారు తృప్తిగా. అవునన్నాను.

వార్డులో సిస్టరమ్మ ఎదురొచ్చింది. “రండి బాబూ, పొద్దున్నుంచీ గుమ్మంకేసే చూస్తన్నారు. వీరెవరండీ?”

“మా నాన్నగారండి.”

“నీది ఏ ఊరమ్మా?” అన్నారు నాన్నగారు.

“గోదావరి కాలవ లాకులు దాటాక రెండో ఊరేనండి. మీది?”

ఇన్నాళ్ళూ నేను ఆవిడ దగ్గర దాటవేసిన మా ఊరి పేరు నాన్నగారు చెప్పారు. ఊరి పేరు చెప్పి ఊరుకోలేదు, ఇంటిపేరు కూడా చెప్పారు.

“అయ్యబాబోయ్, దివాణం వారా!” ఆవిడ థర్మామీటరు జేబులో పడేసి రెండు చేతులూ జోడించింది. అంతలో ముప్ఫయ్యేళ్ళ ఢిల్లీ ఉద్యోగం గుర్తొచ్చిందేమో, చేతులు దించి స్టూలు లాగింది. “కూర్చోండి. టీ తెప్పిస్తాను.”

నాన్నగారు చేతికర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చున్నారు. నేను మొదలుపెట్టాను. ఆ రోజు గొంతు మామూలుకన్నా లోపలికి పోయింది. నీళ్ళు కావాలి. ఆయన తాళం వేశాడు. ఆకలేస్తోంది. తాళం. మూడోది నేను ఎత్తుకోకముందే ఆయన పెదవులు కదిలాయి.

“చ... లే... స్తోం... ది.”

నేను పెట్టిన స్వరాలే. చివరిది కొంచెం కిందికి జారింది.

“యేసయ్యా!” అని ఆవిడ అరిచింది. గబగబా దుప్పటి మెడదాకా లాగి, కాళ్ళ దగ్గర ఇంకో దుప్పటి కప్పింది. ఆయన ఎడమచేత్తో రెండింటినీ తోసేశాడు. మళ్ళీ పాడాడు. పాడుతూ చెయ్యి ఎత్తి వేలు చూపించాడు. ఆ వేలు నావైపుంది.

నా ఒంటి మీద రెండు చొక్కాలున్నాయి. లోపలిదాని చేతులు పైదాని కిందనుంచి కనిపిస్తున్నాయి. వేళ్ళు నీలంగా ఉన్నాయి.

“నీకు కాదా! అబ్బాయికా! అబ్బాయికి చలేస్తోందంటన్నావా!” ఆవిడ నవ్వుతూ ఏడ్చింది. పక్కమంచం వాళ్ళు ఏమన్నాడని హిందీలో అడిగారు. “లడ్‌కే కో ఠండ్ లగ్ రహీ హై, బోల్ రహే హైఁ,” అని చెప్పింది. వార్డంతా నావైపు తిరిగి చూసింది. ఎవరో పాపమన్నారు. నేను నాన్నగారివైపు చూడలేదు. ఆయన చేతికర్ర నేలమీద కొంచెం జరిగిన చప్పుడు విన్నాను. ఆ రెండు చొక్కాల సంగతి ఆయన రైలు దిగినప్పుడే చూసి ఉంటారు. చూసీ చూడనట్టు ఊరుకోవడం మా ఇంటి మర్యాద. ఒక మాటరాని మనిషి, నేను నేర్పిన మూడు స్వరాలతో, ఆ మర్యాద తీసేశాడు.

సిస్టరమ్మ డ్యూటీ గదిలోకి వెళ్ళి ఒక గోధుమరంగు ఉన్ని కోటు తెచ్చింది. “ఇది పోయిన చలికాలమంతా ఏసుకున్నారు, మళ్ళీ ఏద్దామని తెచ్చాను. ఇంక ఈ చెయ్యి దీంట్లో దూరదు బాబూ. తొడుక్కోండి.”

“మావాడు పుచ్చుకోడమ్మా,” అన్నారు నాన్నగారు. “ఏమీ అనుకోకు.”

“అనుకోడానికేముందండీ?” అందావిడ. “మా చిన్నప్పుడు పండక్కి మా పేటకి బట్టలు మీ దివాణం నుంచే వచ్చేయి. మీ అమ్మగారు కట్టి విడిచిన చీరతోటే మా అమ్మ నాకు పరికిణీ కుట్టింది. ఆకుపచ్చది. అది ఏసుకుని ఊరంతా తిరిగాను. నేనేమన్నా వద్దన్నానా?”

ఆవిడ ఎత్తిపొడవలేదు. ఆ పరికిణీ గుర్తొచ్చి నిజంగా సంతోషపడింది. ఎత్తిపొడిచి ఉంటే తేలికగా ఉండేది. తిరిగి ఒక మాట అనేవాళ్ళం.

“ఎనిమిది నెల్లకి నోట్లోంచి మాటొచ్చిందండీ,” అందావిడ, ఈసారి మెల్లిగా. “అదీ తన కోసం కాదు. ఇప్పుడు మీరు కాదంటే రేపట్నుంచి ఈ మనిషి నోరెందుకు తెరుస్తాడు? చెప్పండి.”

మంచం మీద ఆయన నావంకే చూస్తున్నాడు. వేలు ఇంకా దించలేదు. నాన్నగారు కూడా నావంకే చూస్తున్నారని తెలుసు. ఆవిడ నా వెనక్కి వచ్చి కోటు విప్పి పట్టుకుంది. కోటు తొడిగించుకోవాలంటే రెండు చేతులూ చాచక తప్పదు. చాచాను.

అది నాఫ్తలీన్ ఉండల వాసన, ఎవరిదో తలనూనె వాసన వేసింది. బరువుగా ఉంది. ఆ బరువుకో, ఇంక దాచుకోవడానికి ఏమీ మిగలనందుకో తెలియదు, భుజాలు కిందికి దిగాయి. ఆయన వేలు దించి, కీర్తన మొదటి నాలుగు స్వరాలు కూనిరాగం తీశాడు. పాడమని. సిస్టరమ్మ కళ్ళు తుడుచుకుంటోంది, అందుకోలేదు. నేనొక్కణ్ణే పాడాను. గొప్పగా పాడానని కాదు. గొంతు బయటికి వచ్చింది, వార్డు చివరి మంచం దాకా వినపడింది. రెండో చరణంలో నాన్నగారు లేచి వరండాలోకి వెళ్ళిపోయారు. కిటికీ అద్దంలోంచి ఆయన వీపు కనిపిస్తోంది. పాట అయ్యేదాకా అక్కడే నిలబడి ఉంది, తిన్నగా.

ఆటోలో బేర్ సరాయ్ దాకా ఆయన రోడ్డువైపే చూస్తూ కూర్చున్నారు. నేను కోటు విప్పి చేతిమీద వేసుకుందామనుకున్నాను, విప్పితే మళ్ళీ ఆ చొక్కాలు కనిపిస్తాయి. సందు మొదట్లో దిగాక అన్నారు:

“చేతులు పొడుగున్నాయి. దర్జీకిచ్చి తగ్గించుకో.”

గదిలో రూమ్మేట్ నన్ను చూసి మంచం మీదనుంచి లేచాడు. “అరె, రాజావారు కోటేసిండు! ఎక్కడిది బయ్?” అప్పుడు నా వెనక నాన్నగారిని చూసి నాలిక కరుచుకున్నాడు. ఏం చెప్పాలో నాకు తోచలేదు. పాత కోటని అతనికి చూడగానే తెలిసింది. తన కోటు గోడకు వేలాడుతోంది.

“మా ఊరివాళ్ళిచ్చారు,” అన్నారు నాన్నగారు.

ఊరివాళ్ళు ఇవ్వడమన్నది మా ఇంట్లో పాత మాట. శిస్తులకూ కానుకలకూ అదే మాట. ఆ రోజు ఆయన ఏ అర్థంలో అన్నారో నేను అడగలేదు. రూమ్మేట్ మాత్రం, “మంచిగున్నది సార్, అసలు ఉన్ని,” అని ఆయనకు కుర్చీ తుడిచి వేశాడు.

మార్చిలో సిస్టరమ్మ భర్తను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు. అప్పటికి ఇంకో నాలుగు మాటలు వచ్చాయి. మాట్లాడడం రాలేదు, ఏదైనా పాడవలసిందే. కూరలో ఉప్పు తక్కువైనా పాడి చెబుతున్నాడని సిస్టరమ్మ నవ్వింది. ఏప్రిల్‌లో నా ప్రాక్టికల్ జరిగింది. బయటినుంచి వచ్చిన పరీక్షకులు ఇద్దరు, వెనక వరసల్లో విద్యార్థులు. ముందు వరస కుర్చీలు ఖాళీగా ఉన్నాయో లేదో నేను చూడలేదు. పాడినంతసేపూ మొహం మండుతూనే ఉంది, అయినా పాట ఆగలేదు. ఇప్పటికీ పాడడానికి కూర్చుంటే ఆ మంట మొదలవుతుంది. అది పోతుందని ఎదురుచూడడం మానేశాను. మార్కులు ఎం.ఏ. సీటుకు సరిపోయాయి.

ఎస్.టి.డి. బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేసి సీటొచ్చిందని చెప్పాను.

“ఎన్నేళ్ళు?” అన్నారు నాన్నగారు.

“రెండేళ్ళండి.”

“తరవాత లెక్చరరేనా?”

నిజం చెప్పడానికి గొంతు సవరించుకున్నాను. “దొరికితే లెక్చరరండి. లేకపోతే ఆసుపత్రిలో పాడే పని. డాక్టరుగారు ఉండమంటున్నారు.”

మీటరు మీద ఎర్ర అంకెలు మారుతున్నాయి. లైను పోయిందేమోనని, “నాన్నగారూ?” అన్నాను.

“వింటున్నాను,” అన్నారు. “చదువు.”

ఆ వేసవిలో, నా చదువు ఖర్చుకని, మా పెద్దలందరినీ దహనం చేసిన కొబ్బరితోటను నాన్నగారు రొయ్యల చెరువులు తవ్వుకునేవాళ్ళకు అమ్మారు.